ఎవరూ స్టార్ట్ నొక్కని ఆట

మళ్ళీ అదే. డ్రైవు మీద ఎర్ర దీపం వెలిగింది, లోపల మోటారు గుర్రుమంది, ఫ్లాపీని చదివే హెడ్డు టకటకమని అటూ ఇటూ కొట్టుకుంది, తెరమీద చదవడం కుదరలేదని ఒక ముక్క పడి, దాని కింద కర్సరు కన్ను కొట్టడం మొదలుపెట్టింది. కొట్టు, కొట్టు, నీకేం పోయింది, అనుకుంటూ ఇతను స్క్రూడ్రైవరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఇంకో గంటలో తమ్ముడు వస్తాడు. వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు, ఎడమ చెవి ఎలాగూ పోయింది కనక కుడి చెవి స్పీకరుకేసి తిప్పుతాడు, పెట్టన్నయ్యా అంటాడు. రేపు పొద్దున ఆపరేషను. కణితి తీసేస్తారు, దాంతోపాటు ఆ కుడి చెవీ పోతుంది. ప్రాణం కావాలో చెవి కావాలో తేల్చుకోమని డాక్టరు మొహం మీదే చెప్పేశాడట. పదిహేడేళ్ళప్పుడు తను కట్టిన పాట చెవి పోయేలోపు ఒక్కసారి వినాలి, అంతే, ఇంకేం అక్కర్లేదు అని ఫోన్లో అడిగాడు. ఆ పాట ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క ఫ్లాపీలో ఉంది. ఆ ఫ్లాపీ ఇదిగో ఈ డ్రైవులో ఉంది. ఈ డ్రైవు దాన్ని చదవనంటోంది. ఎందుకు చదవనంటోందయ్యా అంటే, పోయిన వారం ఈ పెద్దమనిషి దాన్ని బాగుచేశాడు గనక.

బాగుచెయ్యమని ఎవరేడ్చారు? డ్రైవు మొరపెట్టుకుందా, ఫ్లాపీ వచ్చి కాళ్ళ మీద పడిందా? వాడగా వాడగా డ్రైవులో హెడ్డు వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. జరిగిన హెడ్డు రాసేదంతా ఆ పక్కకే రాస్తుంది, చదివేటప్పుడూ ఆ పక్కనే వెతుక్కుని చదువుకుంటుంది. కోడి గెలికినట్టు రాసేవాడికి తన రాత తనకి తెలుస్తుంది చూడండి, అలాగన్నమాట. దాన్ని పట్టుకుని హెడ్డు తిన్నగా బిగించామా, లోకంలోని ఫ్లాపీలన్నీ చక్కగా చదువుతుంది, ఒక్క తను రాసినవి తప్ప. ఈ పాత కంప్యూటర్ల పిచ్చి పట్టినవాళ్ళలో ఇది తెలియనివాడు లేడు. తెలియనివాళ్ళకి చెప్పేవాడే ఇతను. ముందు ఫ్లాపీలన్నీ కాపీ తీసుకోండి, తరవాతే డ్రైవు మీద చెయ్యి వెయ్యండి అని చెప్పీ చెప్పీ నోరు అరగ్గొట్టుకున్నాడు. ఒకసారి ఒక స్కూలు టీచరమ్మ, పాపం, చనిపోయిన వాళ్ళాయన ఆటలన్నీ అలాగే పోగొట్టుకుని ఏడుస్తూ అడగడానికొస్తే, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చారా అని అందరి ముందూ అనేశాడు. ఆవిడ మళ్ళీ ఎక్కడా కనపడలేదు. కనపడకపోతే పోయింది, తెలివిలేనివాళ్ళతో నాకేం పని అనుకున్నాడు అప్పట్లో. మరి ఇప్పుడు? వాడొస్తున్నాడు కదా అని, నా చేతిపని వాడు చూడాలి కదా అని, పచ్చబడ్డ ప్లాస్టిక్కుకి మందు పూసి ఎండలో పెట్టి తెల్లగా చేశాడు, కీలన్నీ ఊడదీసి సబ్బునీళ్ళలో కడిగాడు, బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి అతికించాడు, ఆ ఊపులో డ్రైవు కూడా విప్పి, హెడ్డు తిన్నగా పెట్టి, హాయిగా ఈల వేసుకుంటూ స్క్రూలు బిగించాడు. ఈల! ఫ్లాపీ అప్పుడు బల్ల మీదే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

స్క్రూ వదులు చేసి హెడ్డుని జరిపే మోటారుని ఊపిరి బిగబట్టి ఇంకొంచెం తిప్పాడు. ఎంత వంకర ఉండేదో అంత వంకరా మళ్ళీ పెట్టాలి, అదీ ఇప్పటి పని. తిన్నగా ఉండడానికి ఒకటే దారి, వంకరకి లెక్కలేనన్ని. ఎడమకా, కుడికా? ఎంత? అది ఎవరు కొలిచారు, ఎవరు గుర్తు పెట్టారు? సున్నంతో ఒక చిన్న గీత గీసుకుని విప్పినా చాలు, గీత కలిపి బిగిస్తే అయిపోయేది. దూది పుల్ల స్పిరిట్లో ముంచి హెడ్డు తుడిస్తే గోధుమరంగు పొడి అంటింది. పాట ఆ పొడిలో ఉంది. ముసలి ఫ్లాపీ, పూత వదులైపోయింది, చదవబోయిన ప్రతిసారీ కాస్త కాస్త ఊడి వస్తోంది. అంటే ఇష్టమొచ్చినన్నిసార్లు ప్రయత్నించే వీలు లేదు. ఎర్ర దీపం వెలిగింది. గుర్రు. టకటక. చదవడం కుదరలేదు. కర్సరు.

వెధవది, ఆ ఫ్లాపీని ఇన్నేళ్ళూ కాపీ ఎందుకు తియ్యలేదు? ఆ ప్రశ్న ఇంట్లో ఇంకెవరూ అడగలేదు గానీ, అడిగితే చెప్పడానికి జవాబు లేకపోలేదు. ఎవరెవరివో ఫ్లాపీలు తెచ్చాడు, చెత్తబజారులో కిలోల లెక్కన కొన్న సంచులు విప్పి ఒక్కొక్కటీ పెట్టి చూశాడు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఉత్తరాలు, ఏదో కొట్టువాడి సరుకుల పట్టీలు, ఎవరో పిల్లాడు సగంలో ఆపేసిన ఆటలు, అన్నీ కళ్ళకద్దుకుని దాచాడు. ఈ ఒక్కదాని జోలికి మాత్రం పోలేదు. అట్టపెట్టెలో అడుగున ఉందని తెలుసు. ప్రతిసారీ వేళ్ళు దాని దాకా వెళ్ళి పక్కదాన్ని తీసుకునేవి. ఎందుకంటే ఆ పాట వినాలని లేదు. విని, అదేం గొప్పగా లేదని తేలితే ఇన్నేళ్ళ కడుపుమంట దండగ. గొప్పగా ఉందని తేలితే అంతకన్నా దరిద్రం.

అసలు ఆ పాట పెట్టిన ఆట ఎవరిది? ఇతనిది. ఇంటికంతా ఒకటే కంప్యూటరు, ఇప్పుడు బల్ల మీదున్న ఇదే, ముందు గదిలో టీవీకి తగిలించి, అందరూ పడుకునే గదిలోకి వెలుతురు పోకుండా దుప్పటి కట్టి, రెండేళ్ళపాటు సాయంత్రాలన్నీ పోసి రాశాడు దాన్ని. ఒక గోడౌను కాపలావాడు, చేతిలో లాంతరు, చీకటి గదులు, దొంగలు. లాంతరు వెలుతురు కాపలావాడితోపాటు కదలాలి. అప్పటి మెషీన్ల మీద అదేమన్నా మాటలా? కదిలించాడు. అప్పుడు వచ్చాడు తమ్ముడు, ఇంకా మీసం సరిగ్గా రానివాడు, అన్నయ్యా మొదటి తెరకి ఒక పాట పెడతాను అంటూ. మూడే మూడు గొంతులు పలికే సౌండ్ చిప్పు. నాలుగు మధ్యాహ్నాలు దాని ముందు కూర్చుని కట్టేశాడు. మెమరీలో చోటు సరిపోదురా, రెండు గదులు తీసెయ్యాలి అంటే మొహం ముడుచుకున్నాడు. చిన్నవాడు నోరు తెరిచి అడిగాడు కదరా, ఆ రెండు గదులు తీసేస్తే నీ ఆటకేమన్నా కాలో చెయ్యో విరుగుతుందా అంది అమ్మ వంటింట్లోంచి. తీసేశాడు. పాట పెట్టారు. స్టార్ట్ నొక్కితే పాట ఆగిపోయి ఆట మొదలవుతుంది, రెండూ కలిపి నడవడానికి చోటు లేదు.

అదీ కొంప ముంచింది. కంప్యూటర్ క్లబ్బువాళ్ళు అందరి ఆటలూ బల్లల మీద పెట్టిన రోజు వీళ్ళ బల్ల ముందు జనం, కాలు పెట్టడానికి సందు లేదు. మొదటి తెర, కాపలావాడి బొమ్మ, కింద స్టార్ట్ నొక్కండి అని మినుకు మినుకు. ఎవడూ నొక్కడే! నిలబడి వింటున్నారు. అయిపోతే మళ్ళీ మొదట్నుంచీ వింటున్నారు. ఒకాయన పాపం మొహమాటానికి చెయ్యి చాస్తే వెనకనించి ఉండవయ్యా, పాట అవనీ అని కసిరారు. ఇతను బల్ల పక్కనే చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు, దవడలు నొప్పి పుట్టేదాకా. రెండేళ్ళు రాసిన గదుల్లో ఆ రోజు ఒక్కడు కూడా అడుగు పెట్టలేదు. జడ్జిగా వచ్చిన ప్రొఫెసరు భుజం తట్టి, ఆట సంగతి సరే, ఆ పాట ఎవరిదోయ్ అన్నాడు. తమ్ముడు ముందుకొచ్చాడు. ఆ తరవాత ఇతను చేసిన పని ఏమిటంటే, పాట పీకేసి, ఆ చోట్లో రెండు గదులూ తిరిగి పెట్టేసి, ఆ ఆటనే అడిగినవాళ్ళందరికీ పంచాడు. పాట లేని కాపీలు ఎక్కడెక్కడో ఇప్పటికీ తిరుగుతున్నాయి. పాట ఉన్నది ఇదొక్కటే, ఇదిగో, పొడి రాలుస్తున్నది.

"ఏమండీ, మీ తమ్ముడికి కాఫీయా, టీయా?" భార్య గుమ్మంలోంచి తొంగిచూసింది. ఆవిడ ఈ గదిలోకి అడుగు పెట్టదు, దీన్ని ఇనపకొట్టు అంటుంది.

"ఏదో ఒకటి పెట్టు."

"ఇంకా అవలేదా? పోనీ పాడైపోయిందని చెప్పెయ్యరాదూ? మనిషన్నాక అర్థం చేసుకోడూ?"

"వాడి సంగతి నీకు తెలీదు."

"మీ సంగతి తెలుసులెండి," అని వెళ్ళిపోయింది.

చెప్పెయ్యరాదూ అంట. ఏమని చెప్పాలి? ఒరే, నీకు చూపించుకుందామని డ్రైవు బాగుచేశాను, నీ పాట పోయింది అని చెప్పాలా? వాడేమంటాడో తెలుసు. ఏమీ అనడు. ఒక నవ్వు నవ్వుతాడు. వాడి నవ్వులన్నీ ఇతనికి కంఠతా వచ్చు. అన్నయ్యకి దేవుడు చెవులిచ్చింది కళ్ళజోడు తగిలించుకోవడానికి అని, ఇతని పెళ్ళిలో, కొత్త బావమరుదుల ముందు అన్నప్పుడు నవ్విన నవ్వు ఒకటుంది. పందిరి పందిరంతా నవ్వింది, పెళ్ళికూతురు కూడా తల వంచుకునే నవ్వింది. ఇతను క్యాష్ మెషీన్లు బాగుచేసుకుంటూ ఊళ్ళు పట్టి తిరుగుతుంటే వాడు సబ్బులకీ పళ్ళపొడులకీ బాణీలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. నీ సంగీతంతో జనం పళ్ళు తోముకుంటున్నార్రా అని ఒకసారి అంటే, తోముకుంటున్నారుగా, నీ ఆట ఆడినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు అన్నాడు. అంత మాట. అందుకే కదా ఇదంతా మొదలుపెట్టింది, తల నెరిశాక. చెత్తలోంచి తెచ్చిన మూడు పాత కంప్యూటర్లని వైర్లతో కలిపి, ఒక్కొక్కదానిదీ సౌండ్ చిప్పు విడివిడిగా పలికేలా చేసి, స్వరం అంటే ఏమిటో కూడా తెలియని దశ నుంచి, పుస్తకాలు చూసి, తప్పులు చేసి, పళ్ళు కొరికి నేర్చుకున్నాడు. కాఫీ హోటలు కింది గదిలో శనివారాలు వాయిస్తాడు. కాలేజీ పిల్లలు కొందరు వస్తారు, కళ్ళు మూసుకుని తలలూపుతారు. తమ్ముణ్ణి ఎన్నోసార్లు పిలిచాడు. రేపొస్తా, మాపొస్తా. రాలేదు. వస్తున్నాడు ఈవేళ, తన పాట వినడానికి.

ఎడమ చెవి పోయిందని తెలిసిన రోజు కబురు చెప్పింది తమ్ముడి భార్యే, ఫోన్లో, వెక్కుతూ. అయ్యో అన్నాడు ఇతను. అంటూనే లోపలెక్కడో, సరే, ఇప్పుడు వాడికీ ఒకటి తగ్గింది అనుకున్నాడు. అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది, ఆ సాయంత్రమే ఆసుపత్రికి పరిగెత్తాడు, పళ్ళు కొన్నాడు, వాడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కానీ ఆ అనుకున్నది మాత్రం ఎక్కడికీ పోలేదు, హాయిగా లోపలే కాపురముంటోంది. పది రోజుల కింద ఫోన్లో వాడి గొంతు వింటే ఒళ్ళు జలదరించింది. తన గొంతు తనకి సరిగ్గా వినపడక అరుస్తున్నాడు. "నీ దగ్గరే ఉంది కదన్నయ్యా? పారెయ్యలేదు కదా?" అని అరిచాడు. పారేస్తానా? నన్నంత నీచుణ్ణి అనుకున్నావా? అని అడగబోయి, ఎందుకొచ్చిన గొడవని, ఉందిరా అని మాత్రం అన్నాడు. తరవాత వాడు పాడాడు, ఆ పాట మొదలు, నాలుగే స్వరాలు, మెట్లు దిగినట్టు దిగి చివరి మెట్టు మీద ఆగేది. అపస్వరం. వాడు! పక్కింట్లో గిన్నె కింద పడితే అది ఏ స్వరమో చెప్పగలిగినవాడు, అన్నం తింటూ తింటూ ఇతని కూనిరాగాన్ని చెయ్యెత్తి ఆపించినవాడు, అపస్వరం పాడి, ఇదే కదూ, ఇలాగే కదూ అని బతిమాలుతూ అడిగాడు. ఆ తరవాత ఏముందో గుర్తులేదన్నయ్యా, ఎంత తన్నుకున్నా రావట్లేదు అన్నాడు. ఫోను పెట్టేశాక ఇతను అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. తమ్ముడి కోసం ఏడుపు వస్తుందేమోనని చూశాడు. వచ్చింది కూడా.

ఇంకొక్కసారి. ఈసారి కుడివైపు, ఇంకాస్త. ఎర్ర దీపం. గుర్రు. టక. ఆగింది! ఆగి, ఏదో దొరికినట్టు చిన్నగా గిరగిరమంది, తెరమీద కర్సరు మాయమైంది, కాపలావాడి టోపీ అంచు, నీలం గీత ఒకటి, సగం దాకా వచ్చింది, రా తల్లీ రా, వచ్చెయ్, నీకు దణ్ణం పెడతాను. అప్పుడు కీచుమంది. గాజు మీద గోరు గీసినట్టు, సన్నగా, పొడుగ్గా. స్విచ్చు కట్టేసేలోపే అయిపోయింది. ఫ్లాపీ బయటికి తీసి కిటికీ దగ్గర పెట్టి, మధ్యలో వేలు పెట్టి తిప్పి చూశాడు. పూత చుట్టూ గుండ్రంగా ఒక గాడి, పూర్తిగా గీరుకుపోయి, అవతలి ఎండ కనిపిస్తోంది. దాన్ని ఇంక ఏ డ్రైవూ, ఏ డాక్టరూ, ఏ పెద్దమనిషీ చదవలేరు. ఆశ్చర్యమేమిటంటే ముందు కలిగింది బాధ కాదు, ఒళ్ళంతా తేలికైనట్టయింది. ఇంక ఆ పాట ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. ఆ తరవాత కుర్చీలో కూలబడ్డాడు.

ఆ కూలబడడంలోనే వచ్చింది ఆలోచన, పిలవకుండానే. తనదొకటి ఉంది. పోయిన చలికాలమంతా కూర్చుని కట్టింది, పేరు కూడా పెట్టలేదు, శనివారాల్లో ఎవరికీ వినిపించలేదు. దాని మీద భయం, భక్తి లాంటివి. ఇదే మెషీను మీద, ఇదే చిప్పు మీద, మూడే గొంతులతో. వాడికి గుర్తున్నది నాలుగు స్వరాలే కదా. ఆ నాలుగూ ముందు అతికిస్తే? ఛీ. ఛీ ఏమిటి, వాడికి కావలసింది సంతోషం, అది ఇవ్వడానికి అన్నగా నాకు బాధ్యత లేదా? చేతులు అప్పటికే కీల మీద ఉన్నాయి. వాడి అపస్వరాన్ని సవరించి నాలుగు స్వరాలూ ఎక్కించాడు, మెట్లు దిగి ఆగేదాకా. అక్కణ్ణించి తనది మొదలవుతుంది. అతుకు ఎక్కడుందో ఒకటికి రెండుసార్లు వెతికినా తనకే తెలియలేదు. బాగా కుదిరింది. అంత బాగా కుదరడం ఎందుకో నచ్చలేదు. వీధి గేటు చప్పుడైంది.

తమ్ముడు ఆపరేషను కోసం తల గొరిగించుకుని వచ్చాడు, చెవుల వెనక చర్మం తెల్లగా, పసిపిల్లాడిలా ఉన్నాడు. వదినని పలకరించడం కూడా అరుపే అయింది. కంప్యూటరు చూసి ఆగిపోయాడు, వేళ్ళతో కీల మీద నిమిరాడు. "కొత్తదానిలా చేశావే! నీ చేతిని మాత్రం మెచ్చుకోవాలన్నయ్యా!" అన్నాడు. చేతిని మాత్రం. కూర్చుని కుడి చెవి తిప్పాడు. ఇతను పెట్టాడు.

నాలుగు స్వరాలు దిగి ఆగాయి. తమ్ముడు కళ్ళు మూసుకుని ఊఁ అన్నాడు, దాహమేసినవాడు మొదటి గుక్క తాగినట్టు. ఆ తరవాత ఇతనిది మొదలైంది, సన్నటి రెండో గొంతు, దాని కిందనించి మూడోది వచ్చి చెయ్యి పట్టుకోవడం. ఇతను పాట వినలేదు, తమ్ముడి మొహమే చూశాడు. ఆ మొహం ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇతనికేసి అలా తెరుచుకోలేదు. నీళ్ళు చెంపల మీదుగా కారి చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు. చెయ్యి చాచి ఇతని మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా.

"విన్నావా, అక్కడ! ఆ మూడోది వచ్చేచోటు! అక్కడ అలా వేశానని నాకే గుర్తులేదన్నయ్యా! పదిహేడేళ్ళకి ఇది కట్టినవాణ్ణి, జన్మంతా సబ్బులకీ పేస్టులకీ తగలేశాను!" ఆగి, ముక్కు ఎగబీల్చి, ఇతనికేసి జాలిగా చూశాడు. "నువ్వూ ఏదో చేస్తున్నావటగా వీటి మీద. ఎందుకన్నయ్యా నీకీ తాపత్రయం? ఇలాంటిది రమ్మంటే రాదు. పుట్టుకతో రావాలి."

ఊరుకుంటే సరిపోయేది. అవున్రా అంటే అయిపోయేది. వాడు ఆ చెవిలో ఆ పాటతో రేపు ఆపరేషను బల్ల మీద పడుకునేవాడు, ఇతను ఇంతమందిలో ఎవరికీ చెప్పుకోలేని పుణ్యం ఒకటి మూటగట్టుకునేవాడు. ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ బతుకంతా ఎదురుచూసిన మెప్పు కళ్ళెదుట వచ్చి, పక్కింటి తలుపు తట్టి అక్కడే దిగిపోతుంటే ఎవడు ఊరుకుంటాడు? నాది. అది నాది. ఆ మూడో గొంతు కోసం చలికాలమంతా నిద్ర చెడగొట్టుకున్నవాణ్ణి నేను.

"అది నీది కాదురా," అన్నాడు.

"ఏంటి?"

మెల్లగా చెప్పే వీలు కూడా లేదు. ఆ కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది. "నీది కాదు! నీ పాట పోయింది! డ్రైవు బాగుచేసి నేనే పోగొట్టాను! ఇది నాది! నేను కట్టింది!" వంటింట్లో చెంచా చప్పుడు ఆగింది.

పాట నడుస్తూనే ఉంది. తమ్ముడు మణికట్టు వదిలేశాడు. తెరకేసి చూశాడు, ఇతనికేసి చూశాడు, చొక్కా చేతితో మొహం శుభ్రంగా తుడుచుకున్నాడు.

"మొత్తమా?"

"మొదటి నాలుగు స్వరాలూ తప్ప!"

తమ్ముడు తలాడించాడు. ఇంకేదో అంటాడని ఇతను చూశాడు; తిట్టనీ, ఏడవనీ, ఆ మూడో గొంతు గురించి ఇంకొక్క మాట అననీ. పాట ఇంకా సగం ఉంది, అసలైన చోటు ఇంకా రానేలేదు.

"అలాగా," అన్నాడు తమ్ముడు. "అయితే ఆపెయ్."

ఆపేశాడు. గదిలో పైన ఫ్యాను చప్పుడు మిగిలింది. తమ్ముడు కుడి చెవి దానికేసి తిప్పి, కళ్ళు మూసుకుని, శ్రద్ధగా వినసాగాడు.